ఆరోగ్య అలవాట్ల మీద పరిశోధనలు: మళ్ళీ మళ్ళీ వచ్చే సందేహాలు, వాటికి జవాబులు

నడక, తిండి, ఉప్పు, నిద్ర, పొగాకు. వీటి గురించి ఎక్కడ మాట్లాడినా చివర్లో అవే ప్రశ్నలు వస్తాయి. పార్కులో నడిచే పెద్దవాళ్ళు అడుగుతారు. అమ్మానాన్నల రిపోర్టులు వాట్సాప్‌లో చూసి టెన్షన్ పడే పిల్లలు అమెరికా నుంచి ఫోన్ చేసి అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పిన జవాబులనే ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు. మందుల మోతాదు మార్చడం, మానడం మాత్రం మీ డాక్టరుగారిని అడగకుండా చేయకండి.

## వార్త కంటపడినప్పుడు

ఒకరోజు కాఫీ మంచిదంటారు, ఇంకోరోజు చెడ్డదంటారు. ఎవరిని నమ్మాలి?

పరిశోధన ఒక్కటి వెలువడగానే పేపర్లో వార్త వచ్చేస్తుంది. ఆ రంగంలో పనిచేసేవాళ్ళు మాత్రం ఒక్కదాన్ని చూసి మాట మార్చరు. అదే ప్రశ్న మీద వేర్వేరు దేశాల్లో జరిగినవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. కాఫీ సంగతే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1991లో కాఫీని మూత్రాశయ క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది. 2016లో లెక్కలన్నీ తిరగేసి, అలా అనడానికి ఆధారాలు చాలవని తీసేసింది. పాత అనుమానానికి ఒక పెద్ద కారణం సిగరెట్. కాఫీ బాగా తాగేవాళ్ళలో సిగరెట్ తాగేవాళ్ళు కూడా ఎక్కువ. సిగరెట్ చేసిన హాని కాఫీ లెక్కలో పడింది. మాట మారితే విసుగు రావడం సహజమే. కానీ తప్పు దిద్దుకున్న సంస్థ మీద నాకు నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు.

"ముప్పు 30 శాతం తగ్గింది" అంటే నూటికి ముప్పై మంది బయటపడినట్టేనా?

చాలాసార్లు కాదు. శాతం కనబడగానే "ఎంతలో శాతం?" అని అడగాలి. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2006లో వచ్చాయి. షుగర్ ఇంకా రాలేదు కానీ వచ్చే దారిలో ఉన్న 531 మందిని తీసుకున్నారు. మామూలు సలహాతో వదిలిన గుంపులో మూడేళ్ళలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్పించిన గుంపులో 39.3 శాతం మందికి వచ్చింది. దీన్ని "ముప్పు 28.5 శాతం తగ్గింది" అనవచ్చు, "వందలో సుమారు 16 మందికి షుగర్ రాకుండా ఆగింది" అనీ అనవచ్చు. రెండూ నిజమే. ఇక్కడ రెండూ పెద్ద మేలే చెబుతున్నాయి.

ఇప్పుడు వెయ్యిమందిలో ఇద్దరికి మాత్రమే వచ్చే జబ్బు ఒకటి ఉందనుకోండి. అది ఒక్కరికి తగ్గితే "50 శాతం తగ్గింది" అని పెద్ద అక్షరాలతో వేస్తారు. లెక్క తప్పు కాదు, కానీ మిగిలిన 998 మందికి వచ్చిన తేడా ఏమీ లేదు.

ఎలుకల మీద చేసిన పరిశోధనను మనుషులకు అన్వయించుకోవచ్చా?

అన్వయించుకోకూడదు. ఏ దారిలో వెతకాలో ఎలుకలు చెబుతాయి. అది మనిషికి పనిచేస్తుందో లేదో మనుషుల్లో చూస్తేనే తెలుస్తుంది. వార్తలో నాలుగో పేరాలో ఎక్కడో "ఎలుకల్లో" అన్న మాట ఉంటుంది, అక్కడిదాకా చదవండి.

పరిశోధనకు కంపెనీ డబ్బులిస్తే అది అబద్ధమేనా?

అబద్ధమని తేల్చేయలేం, కానీ ఒకటికి రెండుసార్లు చూడాలి. అమెరికాలో చక్కెర పరిశ్రమ వాళ్ళ సంస్థ 1960లలో హార్వర్డ్ పరిశోధకులకు డబ్బులిచ్చింది. 1967లో ఒక పెద్ద వైద్య పత్రికలో వాళ్ళ సమీక్షా వ్యాసం వచ్చింది. గుండెజబ్బుకు కారణం కొవ్వే అన్నట్టు, చక్కెర పాత్ర చిన్నదన్నట్టు అది సాగింది. డబ్బు ఎవరిచ్చారన్నది అందులో లేదు. పరిశ్రమకూ పరిశోధకులకూ మధ్య నడిచిన ఉత్తరాలు పాత ఫైళ్ళలో దొరికి, 2016లో సంగతి బయటపడింది. ఇప్పుడు మంచి పత్రికలన్నీ వ్యాసం చివర డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో రాయమంటాయి. నేను చదివేటప్పుడు ముందు ఆ చివరి పేరానే చూస్తాను.

## పరిశోధన ఎలా జరుగుతుందో తెలుసుకోవాలనుకుంటే

ఒళ్ళు కదిలిస్తే గుండెకు మంచిదని మొదట ఎలా తెలిసింది?

లండన్ రెండంతస్తుల బస్సుల్లో. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు ఆ బస్సుల సిబ్బంది ఆరోగ్య వివరాలు చూశారు. డ్రైవరు, కండక్టరు పనిచేసేది ఒకే సంస్థలో, ఒకే బస్సులో. డ్రైవరు షిఫ్టంతా సీట్లో కూర్చుంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. వచ్చినవాళ్ళలోనూ మొదటి దెబ్బకే ప్రాణం పోవడం తక్కువ. పోస్టాఫీసు ఉద్యోగుల్లోనూ అదే కనబడింది. ఇంటింటికీ తిరిగే పోస్ట్‌మన్లు కుర్చీలో కూర్చునే గుమాస్తాల కన్నా మెరుగ్గా ఉన్నారు.

ఈ కథలో నాకు బాగా ఇష్టమైంది తర్వాతి భాగం. మోరిస్ తన ఫలితాన్ని తానే అనుమానించారు. సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించుకుని చూస్తే, కుర్ర వయసు నుంచే డ్రైవర్ల నడుములు పెద్దవి. అంటే లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్లుగా చేరుతున్నారేమో, తేడా మెట్లది కాదేమో! 1956లో ఆ సంగతినీ ఆయనే ప్రచురించారు. ఒకే రకం ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళను పోల్చి చూసినా కండక్టర్లకే మేలు కనిపించాక, మెట్ల మాట నిలబడింది. తన ముద్దుబిడ్డ లాంటి ఆలోచనను తనే అడ్డంగా నిలబెట్టి ప్రశ్నించడం అంటే ఇదే.

నడవడం వల్ల ఆరోగ్యంగా ఉన్నారా, ఆరోగ్యంగా ఉండబట్టి నడవగలుగుతున్నారా?

అడగాల్సిన ప్రశ్నల్లో ఇది మొదటిది. మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, ఆయాసం వచ్చేవాళ్ళు నడవలేరు. వాళ్ళను "నడవనివాళ్ళ" లెక్కలో వేస్తే నడక గొప్పతనం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. దీన్ని తగ్గించడానికి పరిశోధకులు కొన్ని జాగ్రత్తలు తీసుకుంటారు. మొదట్లోనే జబ్బుతో ఉన్నవాళ్ళను పక్కన పెడతారు. పరిశోధన మొదలైన ఒకటి రెండేళ్ళలో జరిగిన మరణాలను లెక్కించరు, ఎందుకంటే అప్పటికే లోపల జబ్బు ఉండి ఉండవచ్చు. వయసు, చదువు, ఆదాయం, పొగాకు వంటివి సరిచూసుకుంటారు. ఇన్ని చేసినా కొంత అనుమానం మిగులుతుంది. అందుకే వీలైన చోట చీటీ తీసి ప్రయోగం చేస్తారు.

చీటీ తీసి రెండు గుంపులు చేయడం ఎందుకు? ఇష్టమైనవాళ్ళను చేర్చుకుంటే చాలదా?

ఇష్టపడి చేరేవాళ్ళు మొదటి నుంచీ వేరే రకం మనుషులు. ఒంటి మీద శ్రద్ధ ఉంటుంది, ఖర్చు పెట్టగలరు, ఇంట్లో వండిపెట్టేవాళ్ళు ఉంటారు. చీటీ తీస్తే ఇలాంటి తేడాలన్నీ రెండు గుంపుల్లోకీ ఇంచుమించు సమానంగా పోతాయి. మనకు తెలియని తేడాలు కూడా. ఆ తర్వాత ఫలితంలో తేడా వస్తే, అది మనం మార్చిన అలవాటు వల్లే అనవచ్చు.

దీని విలువ ఫిన్లాండ్‌లో తెలిసింది. ఆకుకూరలు, క్యారెట్లు తినేవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని, అది అందులోని బీటా కెరోటిన్ అనే పదార్థం మహిమేనని చాలామంది నమ్మారు. 29,133 మంది మగ పొగతాగేవాళ్ళతో ప్రయోగం చేసి 1994లో ఫలితం చెప్పారు. బీటా కెరోటిన్ బిళ్ళలు మింగినవాళ్ళలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. చీటీ తీసి చూడకపోతే ఆ బిళ్ళలు ఇంకా ఎంతమంది మింగేవారో.

పొగతాగడం మీద అలాంటి ప్రయోగం జరగలేదుగా, మరి హాని అని ఎలా తేల్చారు?

మనుషులకు సిగరెట్లు ఇచ్చి ఏమవుతుందో చూడటం అన్యాయం కాబట్టి ఏళ్ళ తరబడి గమనించారు. 1951లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ బ్రిటన్‌లోని డాక్టర్లందరికీ ఉత్తరాలు రాసి వాళ్ళ పొగ అలవాటు అడిగారు. జవాబిచ్చినవాళ్ళలో 34,439 మంది మగ డాక్టర్లను యాభై ఏళ్ళు వెంబడించారు. ఎన్ని ఎక్కువ తాగితే అంత ముప్పు, ఎంత ముందు మానేస్తే అంత మేలు, దేశం మారినా అదే ఫలితం. ఇన్ని దారులు ఒకేచోటికి చేరినప్పుడు ప్రయోగం లేకపోయినా సందేహం మిగలదు.

పెద్ద పరిశోధనలో తప్పు దొరికితే ఏం చేస్తారు?

నిజాయితీ ఉంటే వెనక్కి తీసుకుంటారు. స్పెయిన్‌లో 7,447 మందితో ఆలివ్ నూనె, గింజపప్పులతో కూడిన మధ్యధరా ఆహారం మీద జరిగిన ప్రెడిమెడ్ ప్రయోగం 2013లో ప్రచురితమైంది. చీటీ తీయడం కొన్నిచోట్ల సరిగ్గా జరగలేదని తర్వాత తెలిసింది. ఒకే ఇంట్లోవాళ్ళందరినీ ఒకే గుంపులో పెట్టారు, ఒకచోట మొత్తం కేంద్రానికే ఒక ఆహారం ఇచ్చారు. 2018లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించి, లెక్కలు సరిచేసి, అదే పత్రికలో మళ్ళీ వేశారు. ఆ ఆహారం గుండెకు మేలన్న ఫలితం పెద్దగా మారలేదు, కానీ దాన్ని చెప్పే మాటల్లో ధీమా తగ్గింది. తగ్గాలి కూడా.

ఇవన్నీ తెల్లవాళ్ళ మీద చేసినవేగా, మనకు వర్తిస్తాయా?

పొగాకు, ఉప్పు, కదలిక వంటి వాటిలో శరీరం అన్నిచోట్లా ఇంచుమించు ఒకేలా స్పందిస్తుంది. షుగర్, బరువు విషయాల్లో మాత్రం మన లెక్కలు మనం వేసుకోవాల్సిందే. సంతోషించాల్సిన సంగతేమిటంటే, అలాంటి పరిశోధనల్లో ఒకటి మన పక్కనే జరిగింది. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళను తీసుకుంది. 1987 నుంచి 1990 దాకా 15 ఊళ్ళలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద అదనపు ఆహారం అందింది. మిగతా 14 ఊళ్ళకు పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్ళు వచ్చాక మళ్ళీ వెళ్ళి కొలిచారు. ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. ఇన్సులిన్ వాళ్ళ ఒంట్లో మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇది వచ్చింది. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో అందిన ఆ కాస్త ఆహారం పదిహేనేళ్ళ తర్వాత గుండె దగ్గర కనబడిందన్నమాట. అంగన్‌వాడీ ఆయమ్మ పెట్టే తిండిని తేలికగా చూసేవాళ్ళకు నేను ఈ సంగతే చెబుతాను.

## ఒక్కో అలవాటు గురించి

రోజుకు 10 వేల అడుగులు వేయాల్సిందేనా?

అవసరం లేదు. ఆ అంకె పుట్టింది ఆసుపత్రిలో కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మింది. దాని పేరు మాన్పో-కేయ్, అంటే "పదివేల అడుగుల మీటరు". అంకె గుండ్రంగా ఉండి నోట్లో నిలిచిపోయింది. అసలు పరిశోధన తర్వాత జరిగింది. ఐ-మిన్ లీ బృందం అమెరికాలో సగటు వయసు 72 ఉన్న 16,741 మంది స్త్రీలకు పరికరాలు కట్టి చూసింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళతో పోలిస్తే 4,400 వేసేవాళ్ళలో మరణాలు 41 శాతం తక్కువ. సుమారు 7,500 దాటాక అదనపు మేలు కనబడలేదు. 2022లో 15 పరిశోధనలను కలిపి చూసినప్పుడు, అరవై దాటినవాళ్ళకు 6,000 నుంచి 8,000 దగ్గర, అంతకన్నా చిన్నవాళ్ళకు 8,000 నుంచి 10,000 దగ్గర మేలు నిలకడకు వచ్చింది.

ఈ లెక్కల్లో గుర్తుపెట్టుకోవాల్సింది మొదటి మెట్టు. కుర్చీలోంచి లేవనివాళ్ళు ఇంకో వెయ్యి, రెండు వేల అడుగులు కలిపితే వచ్చే లాభం, ఇప్పటికే ఎనిమిది వేలు నడిచేవాళ్ళు ఇంకో రెండు వేలు కలిపితే రాదు. ఫోన్‌లో పది వేలు చూపలేదని రాత్రి పదింటికి హాల్లో గుండ్రంగా తిరుగుతూ బాధపడేవాళ్ళు నాకు తెలుసు. అంత బాధ అక్కర్లేదు.

ఇంటిపని, పొలం పని వ్యాయామం కిందికి వస్తాయా?

వస్తాయి, ఊపిరి కాస్త వేగం పెరిగేలా చేస్తే. పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒకప్పుడు కనీసం పది నిమిషాలు ఆగకుండా చేస్తేనే లెక్క అనేవారు, ఆ షరతు కూడా తీసేశారు. నీళ్ళ బిందె మోయడం, మెట్లెక్కడం, నాట్లు వేయడం అన్నీ చేరతాయి. అయితే వారానికి రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే పని ఉండాలని కూడా అందులో ఉంది. దీన్ని మన దగ్గర ఎక్కువమంది వదిలేస్తారు.

అన్నం మానేసి కొర్రలు, చపాతీలు తింటే షుగర్ తగ్గుతుందా?

ఈ ప్రశ్నకు రెండు పరిశోధనలు రెండు వైపులా లాగినట్టు కనబడతాయి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆధ్వర్యంలో 2021లో చిరుధాన్యాల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూశారు. షుగర్ ఉన్నవాళ్ళు రోజూ చిరుధాన్యాలు తిన్నప్పుడు పరగడుపున, తిన్నాక కొలిచే షుగర్ సగటున 12 నుంచి 15 శాతం తగ్గింది. మరోవైపు భారత వైద్య పరిశోధన మండలి షుగర్ మీద చేసిన ఇండియాబ్ సర్వే ఆహార ఫలితాలు 2025లో వచ్చాయి. మన దేశంలో తిండి నుంచి వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని, తెల్ల బియ్యం బదులు గోధుమ పిండో చిరుధాన్యాల పిండో తిన్నంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గినట్టు కనబడలేదని చెప్పారు.

రెండూ నిజం ఎలా అవుతాయి? మొదటిది తిన్న కొన్నాళ్ళకు రక్తంలో షుగర్ ఎంత ఉందో కొలిచింది. రెండోది జనం మామూలుగా తినే తిండిని చూసి, అన్నం బదులు ఇంకోటి అంతే మోతాదులో తింటే ఏమవుతుందో లెక్క కట్టింది. గింజను పిండి పట్టిస్తే త్వరగా అరుగుతుంది, మోతాదు తగ్గకపోతే పిండిపదార్థం తగ్గదు. నాలుగు గరిటెల అన్నం స్థానంలో నాలుగు గరిటెల కొర్రన్నం పెట్టుకుంటే సగం పనే జరిగినట్టు. అదే సర్వేలో పిండిపదార్థాల్లో కొంత తగ్గించి పప్పులు, పాలు, పెరుగు వంటి వాటి మాంసకృత్తులు పెంచితే ముప్పు తక్కువగా కనిపించింది. జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లోనూ ధాన్యాల వాటా మొత్తం శక్తిలో 45 శాతం మించకూడదని ఉంది. కాబట్టి అన్నం మీద పగ అవసరం లేదు. కంచంలో అన్నం కుప్ప చిన్నదై పప్పు, కూర పెద్దవి కావాలి. మనం చేసేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది.

ఆవకాయ లేకుండా ముద్ద దిగదు. ఉప్పు నిజంగా అంత ప్రమాదమా?

ఉప్పు పెరిగితే బీపీ పెరుగుతుందనడంలో అనుమానం లేదు. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, మించవద్దని సూచన. పప్పులో, కూరలో, చారులో, మజ్జిగలో వేసినవన్నీ కలిపి అంతే. ఆవకాయ ఆ పైన వస్తుంది. మానేయమని నేను అనను. ఆవకాయ వేసుకున్న పూట కూరలో ఉప్పు తగ్గించండి, పెరుగన్నంలో వేసుకోకండి.

ఉప్పు మార్చితే ప్రాణాలు దక్కుతాయా అన్నది చైనా పల్లెల్లో తేలింది. 600 గ్రామాల్లో 20,995 మందిని, ఎక్కువమంది పక్షవాతం వచ్చినవాళ్ళో, అరవై దాటి బీపీ ఉన్నవాళ్ళో, సుమారు ఐదేళ్ళు చూశారు. సగం గ్రామాలకు మామూలు ఉప్పులో పావువంతు తీసి పొటాషియం ఉప్పు కలిపి ఇచ్చారు. 2021లో ఫలితం చెప్పారు. ఆ గ్రామాల్లో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. ఒక హెచ్చరిక: కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు పొటాషియం ఒంట్లో పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. శ్రీకాకుళం ఉద్దానం లాంటి ప్రాంతాల్లో ఇలాంటి ఉప్పు కొనే ముందు కిడ్నీ పరీక్ష చేయించుకోవాలి.

ముప్పై ఏళ్ళుగా బీడీ తాగుతున్నాను. ఇప్పుడు మానేసి ఏం లాభం?

చాలా లాభం. బ్రిటన్ డాక్టర్లను యాభై ఏళ్ళు చూసిన పరిశోధన 2004లో ఈ లెక్క ఇచ్చింది. పొగతాగేవాళ్ళు సగటున పదేళ్ళు ముందు చనిపోయారు. అరవైలో మానేసినవాళ్ళకు సుమారు 3 ఏళ్ళు, యాభైలో మానేసినవాళ్ళకు 6, నలభైలో 9, ముప్పైలో ఇంచుమించు మొత్తం పదేళ్ళూ తిరిగొచ్చాయి. బీడీ చిన్నది కాబట్టి హాని చిన్నదనుకోకండి. మన దేశంలో జరిగిన పెద్ద పరిశోధన 2008లో వచ్చింది. బీడీ తాగే మగవాళ్ళ ఆయుష్షు సుమారు 6 ఏళ్ళు, ఆడవాళ్ళది 8 ఏళ్ళు తగ్గుతోందని చెప్పింది.

ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఉంది, ముఖ్యంగా ఆడవాళ్ళలో. అంగిలి మీద అది చేసే గాయాలను 10,169 మంది గ్రామస్థులలో చూసి 1971లోనే ప్రచురించారు. అడ్డపొగ తాగే అవ్వ నోట్లో తెల్లమచ్చ, మానని పుండు కనబడితే ఆలస్యం చేయకుండా పంటి డాక్టరుకు చూపించండి.

రోజూ ఒక పెగ్గు గుండెకు మంచిదంటారు, నిజమేనా?

ఆ నమ్మకం వెనక ఒక లెక్కల లోపం ఉంది. "తాగనివాళ్ళ" గుంపులో, జబ్బు చేసి డాక్టరు మానిపించినవాళ్ళూ కలిసిపోయారు. వాళ్ళతో పోలిస్తే కొంచెం తాగేవాళ్ళు బాగున్నట్టు కనబడ్డారు. చైనాలో 5 లక్షల మందిని చూసిన పరిశోధన 2019లో దీన్ని జన్యువుల దారిలో తేల్చింది. మద్యం పడని జన్యువు ఉన్నవాళ్ళు పుట్టుక నుంచే తక్కువ తాగుతారు, ఇది చీటీ తీసినట్టే. అలా పోల్చితే మితంగా తాగితే పక్షవాతం తగ్గుతుందన్న మాట నిలవలేదు, మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతూనే ఉంది. హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

తొమ్మిది గంటలు నిద్రపోతే ఆయుష్షు తగ్గుతుందట, మా నాన్నగారు అంతే పడుకుంటారు. భయపడాలా?

ఏడు గంటల దగ్గర ముప్పు తక్కువగా, అటూ ఇటూ ఎక్కువగా ఉండటం చాలా పరిశోధనల్లో కనిపించింది. తక్కువ నిద్ర హాని అనడానికి ప్రయోగాల ఆధారం కూడా ఉంది. ఎక్కువ నిద్ర విషయంలో మాత్రం జబ్బే ముందు వచ్చి నిద్ర పెంచి ఉండవచ్చు. నాన్నగారు ఎప్పటి నుంచో అంతే పడుకుని హుషారుగా ఉంటే భయం లేదు. ఈమధ్యే పెరిగితే, గురక పెట్టి పగలు కునికిపాట్లు పడుతుంటే చూపించండి.

నేను సన్నగానే ఉన్నా, షుగర్ ఎలా వచ్చింది?

మన ఒంట్లో కొవ్వు బరువుకాటా మీద కనబడకుండా దాగి ఉంటుంది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫోటో వేసి మరీ ఇది చూపించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు చూసే లెక్క, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. పుణె పిల్లలు పుట్టినప్పుడే సగటున 2.7 కిలోలు ఉండి, 3.5 కిలోల ఇంగ్లండ్ పిల్లల కన్నా చిన్నగా ఉన్నా, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదని ఆయన బృందం చూపింది. అందుకే మన దగ్గర బీఎంఐ 23 నుంచే అధిక బరువు అంటారు. టేపుతో నడుము కొలుచుకోండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్త పడాలి.

## మన ఇంట్లో మొదలుపెట్టేటప్పుడు

షుగర్ బార్డర్‌లో ఉందన్నారు. తిండి, నడకతో ఆగుతుందా, కొన్నాళ్ళు వాయిదా పడుతుందా?

కొందరికి ఆగుతుంది, ఎక్కువమందికి వాయిదా పడుతుంది. వాయిదా చిన్న సంగతి కాదు. చైనాలోని డాచింగ్ నగరంలో 1986లో ఇలాంటి 577 మందితో మొదలైన ప్రయోగం ఆరేళ్ళు నడిచింది. ముప్పై ఏళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే, అలవాట్లు మార్చుకున్న గుంపుకు షుగర్ దాదాపు 4 ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. గుండె, పక్షవాతం ఘటనలు 26 శాతం తక్కువ, ఆయుష్షు సుమారు ఏడాదిన్నర ఎక్కువ. అమెరికాలో 3,234 మందితో జరిగిన ప్రయోగం 2002లో ఇంకో సంగతి చెప్పింది. ఏడు శాతం బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడిస్తే షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ళతో 31 శాతం తగ్గింది.

షుగర్ వచ్చేసింది. ఇక అలవాట్లు మార్చుకుని ప్రయోజనం ఉందా?

ఉంది, కానీ ఏం ఆశించాలో తెలిసి మొదలుపెట్టాలి. అమెరికాలో షుగర్ ఉన్న 5,145 మందితో దాదాపు పదేళ్ళు నడిచిన ప్రయోగంలో బరువు తగ్గినా గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. ఈ నిరాశను దాచకుండా 2013లో ప్రచురించారు. అయితే అదే గుంపుకు మందుల అవసరం తగ్గింది. బ్రిటన్‌లో 2017లో వచ్చిన ప్రయోగంలో, షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళను గట్టిగా బరువు తగ్గిస్తే, ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. జబ్బు కొత్తగా ఉన్నప్పుడే ఆ అవకాశం ఎక్కువ.

అమ్మకు 78 ఏళ్ళు. ఈ వయసులో వ్యాయామం చేయిస్తే ప్రమాదం కాదా?

పక్కన మనిషి ఉండి, మెల్లగా పెంచితే మేలే. 1990లో బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉన్న పదిమంది పెద్దవాళ్ళతో, సగటు వయసు 90, ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేసి నడిచారు. పదిమందితో చేసిన చిన్న ప్రయోగమే, కానీ తర్వాత జరిగిన పెద్దవీ అదే చెప్పాయి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లతో మొదలుపెట్టించండి. గుండెజబ్బు, కళ్ళు తిరగడం ఉంటే ముందు డాక్టరుగారిని అడగండి.

మొదలుపెడతాను, పది రోజులకు ఆపేస్తాను. దీని మీద పరిశోధన ఏమైనా ఉందా?

ఉంది, అదీ దక్షిణ భారతంలో జరిగింది. షుగర్ వచ్చే దారిలో ఉన్న 537 మంది ఉద్యోగం చేసే మగవాళ్ళను తీసుకుని, సగంమందికి ఫోన్‌కు తరచూ చిన్న మెసేజ్‌లు పంపారు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం, రెండేళ్ళలో మెసేజ్‌లు అందినవాళ్ళలో 18 శాతం మందికి, అందనివాళ్ళలో 27 శాతం మందికి షుగర్ వచ్చింది. గుర్తుచేసేవాళ్ళు ఉంటే అంత తేడా. రోజూ సాయంత్రం "నడిచావా?" అని ఫోన్ చేసే చెల్లెలో, స్నేహితుడో ఉంటే వాళ్ళను విసుక్కోకండి.

మా ఊరికి పరిశోధన బృందం వచ్చి రక్తం ఇవ్వమంటోంది. సంతకం పెట్టొచ్చా?

వివరాలు తెలుసుకుని పెట్టొచ్చు. మీకు అర్థమయ్యే భాషలో, ఏం చేస్తారో, ఏం ఇబ్బంది ఉండొచ్చో రాసిన కాగితం ఇచ్చి చదివి వినిపించాలి. చదువురాని వాళ్ళయితే పక్కన సాక్షి ఉండాలి. పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే నైతిక సంఘం అనుమతి ఉందా అని అడగండి. అలవాటో మందో మార్చి చూసే ప్రయోగమైతే సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు నంబరు ఉంటుంది, అది ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడవచ్చు. మధ్యలో ఇష్టం లేకపోతే కారణం చెప్పకుండానే మానుకోవచ్చు, దానివల్ల మీకు అందే వైద్యం ఆగకూడదు. మీ రిపోర్టు మీకు ఇస్తారా, ఏదైనా తేడా కనబడితే ఎవరు చెబుతారు అన్నది ముందే అడిగి పెట్టుకోండి. సంతకం పెట్టిన కాగితం కాపీ ఒకటి తీసుకుని, దాని మీది ఫోన్ నంబరు ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసేలా ఉంచండి.